ఏడు మీద పెట్టమను

డాలింగ్‌ఫీల్డ్, సఫోక్
1994 ఫిబ్రవరి 6

ప్రియమైన విల్ఫ్,

ఫోనులో నా మాట నీకు వినపడదు, నీ కేకలకు నా చెవులు ఆగవు. కాబట్టి ఇక ఉత్తరాలే మనకు దిక్కు. ఎడ్నా దగ్గు తగ్గిందా? సముద్రపు గాలి గురించి డాక్టరు చెప్పింది నిజమే అయితే, ఈపాటికి ఆవిడ ఆయాసం లేకుండా నిన్ను తిట్టగలుగుతూ ఉండాలి.

గోర్డన్ రిక్స్ తన పొడుగు చేను దున్ని వదిలేశాడు. వచ్చే నెలాఖరుకు బార్లీ చల్లుతాడు. పోయిన ఆదివారం మెటల్ డిటెక్టరు తీసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. పదిహేనేళ్ళుగా ఎడమ పక్క నువ్వు, కుడి పక్క నేను నడిచిన నేల. నువ్వు లేకపోతే చేను ఒక పక్కకి ఒరిగిపోయినట్టుంది. నాలుగు గంటలు ఊపితే దొరికినవి రెండు ఇత్తడి గుండీలు, ఒక ట్రాక్టరు నట్టు. గేటు దగ్గర కూర్చుని చీజ్ శాండ్‌విచ్ తిని వచ్చేశాను.

ఒక సంగతి చెప్పాలి. మన క్లబ్బులో కొత్తగా ఒకావిడ చేరింది. పేరు ఈనిడ్ పాస్క్. ఇప్స్‌విచ్‌లో రేడియోలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు సోల్డరింగ్ పని చేసిందట. ఫ్యాక్టరీ మూసేశారు. "ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికొస్తున్నాయి, నేలైనా తవ్వుకుంటాను" అంటూ వచ్చింది. ఏ డిటెక్టరు కొనాలో తెలియక నన్ను చంపుతోంది. "నన్నడిగి లాభం లేదు, చెప్పగలిగినవాడు వేల్స్ వెళ్ళి కూర్చున్నాడు" అన్నాను. నాలుగు ముక్కలు రాయరా. నీకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

ఆవిడకి చూపిద్దామని పోయిన గురువారం పొడుగు చేనుకి తీసుకెళ్ళాను. నువ్వేమీ అనుకోవుగా?

నీ
సిరిల్


బోర్త్, వేల్స్
1994 ఫిబ్రవరి 14

ప్రియమైన సిరిల్,

ఎడ్నా తిడుతోంది. కాబట్టి బాగానే ఉంది.

ఆ ఫ్యాక్టరీ ఆవిడకి ఇలా చెప్పు. మొదటి డిటెక్టరుకి తిప్పే నాబులు ఎంత తక్కువుంటే అంత మంచిది. పెట్టె మీద బొమ్మలు చూసి కొనకూడదు. కొట్లో చేత పట్టుకుని అరగంట ఊపాలి, కొట్టువాడు మొహం చిట్లించినా సరే. అయిదు నిమిషాలు అన్నీ తేలిగ్గానే ఉంటాయి. భుజం సంగతి అరగంట తర్వాతే తెలుస్తుంది. పాతది కొంటే కింద ఉండే గుండ్రటి కాయిల్ చూడమను. అందులోకి తీగ దూరే చోట పగుళ్ళుంటే వదిలేసి రావాలి. హెడ్‌ఫోన్లు తప్పనిసరి. గాలికి చిన్న చప్పుళ్ళు కొట్టుకుపోతాయి, మనకి కావలసినవేమో అన్నీ చిన్న చప్పుళ్ళే.

ఇక్కడ నా పరిస్థితి అడగకు. సముద్రం ఒడ్డున మైళ్ళకొద్దీ ఇసుక. తడి ఇసుక మీద కాయిల్ పెట్టగానే నా డిటెక్టరు పిల్లి తోక తొక్కినట్టు అరుస్తుంది. ఉప్పునీళ్ళని కూడా లోహమే అనుకుంటోంది వెధవది. ఇప్పటిదాకా దొరికినవి బీరు డబ్బాల మూత లాగే రేకు చెవులు, పదమూడు. కుక్కలని తిప్పేవాళ్ళు నన్ను చూసి జాలిపడుతున్నారు.

నేనేమీ అనుకోను. అనుకోవడానికేముంది? చేను గోర్డన్‌ది. కాకపోతే గోర్డన్ అనుమతి ఇచ్చింది మనిద్దరికి. ఆ రోజు అతని ట్రాక్టరు కింద దూరి, పోయిన పిన్ను వెతికి పెట్టినవాణ్ణి నేను. గుర్తు చేస్తున్నానంతే.

విల్ఫ్


డాలింగ్‌ఫీల్డ్
1994 మార్చి 12

ప్రియమైన విల్ఫ్,

నీ సలహా బంగారం. ఈనిడ్ సరిగ్గా నువ్వు చెప్పినట్టే చేసింది. కొట్లో అరగంట ఊపిందట. కొట్టువాడు, "అమ్మా, ఇది కొంటారా, లేక వ్యాయామానికి వచ్చారా?" అన్నాడట. మనవాటిలాంటి డిటెక్టరే కొంది, నాలుగే నాబులు. కొన్న రోజే పెరట్లో రకరకాల లోతుల్లో నాణేలు, మేకులు, చెంచాలు పాతిపెట్టి, ఒక్కోటి ఎలా పలుకుతుందో నోటు పుస్తకంలో రాసుకుంది. మనం ఎప్పుడైనా అలా చేశామా?

అసలు వార్త ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు. పొడుగు చేనులో ఈశాన్యం మూల మనకి ఎప్పుడూ టిక్కు టిక్కుమని అరిచేది చూడు. నేలలోనే ఏదో దోషముంది, అక్కడ టైము దండగ అని నువ్వు తేల్చేశావు. ఈనిడ్ అక్కడ నిలబడి చేతి గడియారం చూసింది. "సిరిల్, ఇది సెకనుకొకసారి కొడుతోంది. నేలకి గడియారం ఎక్కడిది?" అంది. పక్క బీడులో గొర్రెల కంచె. కరెంటు కంచె! గోర్డన్‌ని అడిగి గంటసేపు ఆపించాం. డిటెక్టరు నోరు మూసుకుంది. మేము ఆ మూలంతా అంగుళం అంగుళం నడిచాం. నలభై నిమిషాల్లో ఆవిడకి వెండి పెన్నీ దొరికింది. సుత్తితో కొట్టి ముద్రవేసిన కాలం నాటిది, ఎడ్వర్డ్ రాజు మొహం, వేలిగోరంత పలచన. కొని మూడు వారాలు కాలేదు!

మేము గేటు మీద కూర్చుని దాన్ని అలా చూస్తూ ఉండిపోయాం. గోర్డన్ భార్య థెల్మా మాకు టీ తెచ్చింది.

నీ ఇసుక గొడవ కూడా ఈనిడ్‌కి చెప్పాను. సెన్సిటివిటీ సగానికి తగ్గించమంది. పొడి ఇసుక నుంచి తడిలోకి అడ్డంగా నడవకుండా, నీటి అంచు వెంబడే నడవమంది. కర్రకి చుట్టిన తీగ వదులుగా ఊగితే అదీ దొంగ చప్పుళ్ళు చేస్తుందట, గట్టిగా చుట్టుకోమంది.

ఒక ప్రశ్న. పొడుగు చేనులో బార్లీ పడబోతోంది. ఇక ఆగస్టు దాకా మాకు గొర్రెల బీడే గతి. అక్కడ పాత కొలిమి ఉన్న చోట గుర్రపు నాడాల మేకులు కుప్పలు. ఇనుమూ చెత్తా వినపడకుండా చేసే ఆ ఏరివేత నాబ్ ఎంత మీద పెట్టమంటావని ఈనిడ్ అడుగుతోంది. "విల్ఫ్ ఎంతంటే అంతే" అంటోంది. నీ మీద అంత గురి.

నీ
సిరిల్


బోర్త్
1994 మార్చి 19

ప్రియమైన సిరిల్,

అభినందనలు చెప్పు. నాకు మొదటి వెండి పెన్నీ దొరకడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ రోజు నువ్వు పరుగెత్తుకొచ్చి నా టోపీ గాల్లోకి విసిరేశావు. మరిచిపోయి ఉంటావు.

నీ ఉత్తరంలో 'మేము' అన్న మాట ఎన్నిసార్లుందో లెక్కపెట్టాను. ఎడ్నా చూసి, "ఏంటయ్యా, ఉత్తరం చదువుతున్నావా, పరీక్ష పేపరు దిద్దుతున్నావా?" అంది.

కరెంటు కంచె సంగతి నాకూ ఎప్పుడో తట్టింది. చెప్పే సందర్భం రాలేదు.

నా డిటెక్టరు దానంతట అదే కుదుటపడింది. కొత్త నేలకి అలవాటు పడాలి కదా, ఏ యంత్రమైనా.

ఇక ఏరివేత నాబ్. ఏడు మీద పెట్టమను. చెత్తంతా నోరు మూసుకుంటుంది. ఒక్క కొలిమి దగ్గరే కాదు, ఎక్కడికెళ్ళినా ఏడే. మాటిమాటికీ మారిస్తే చెవి పాడవుతుంది. ఇది నా పదిహేనేళ్ళ అనుభవం అని చెప్పు.

విల్ఫ్


డాలింగ్‌ఫీల్డ్
1994 జూలై 3

ప్రియమైన విల్ఫ్,

ఇన్నాళ్ళు రాయనందుకు కోప్పడకు. నడుం పట్టేసింది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. డాక్టరు డిటెక్టరు ముట్టుకోవద్దన్నాడు. ఈనిడ్ ఒక్కతే బీడుకి వెళ్తోంది. నేను కంచె దగ్గర మడత కుర్చీలో కూర్చుని చూస్తున్నాను.

గోర్డన్‌కి మే నెలలో పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. థెల్మా రోజూ రెండు బస్సులు మారి వెళ్ళొస్తోంది. సగమైపోయింది మనిషి. పొలం పనులు కాంట్రాక్టుకిచ్చేశారు.

ఈనిడ్‌కి మూడు నెలలుగా ఏమీ దొరకడం లేదు. ఏమీ అంటే పెద్ద రాగి పెన్నీలు, గుర్రపు జీను బిళ్ళలు, అంతే. సన్నవీ పలుచనివీ ఒక్కటీ లేవు. యంత్రం పాడయిందేమోనని విప్పి ప్రతి అతుకూ మళ్ళీ వేసింది. చెవులు పాడయ్యాయేమోనని డాక్టరు దగ్గరికెళ్ళింది. "ఆ పెన్నీ నా అదృష్టం కొద్దీ దొరికింది సిరిల్, నాకు చేతకాదు ఈ పని" అని మొన్న కుర్చీ పక్కన గడ్డిలో కూలబడింది. నాబ్ మీద ఏడు దగ్గర గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టుకుంది, పొరపాటున కదిలినా మళ్ళీ అక్కడికే తేవడానికి.

ఈ ఉత్తరంతో ఒక పార్సెలు వస్తుంది. నీకు ఎడమ చెవి వినపడదని ఈనిడ్‌తో ఎప్పుడో అన్నాను. పాత హెడ్‌ఫోన్లు విప్పి, రెండు వైపుల చప్పుడూ కుడి చెవికే వచ్చేలా తీగలు మార్చి అతికింది. నీకు ఇవ్వమంది. నచ్చకపోతే పారేయమంది.

నీ
సిరిల్


బోర్త్
1994 జూలై 11

ప్రియమైన సిరిల్,

గోర్డన్ సంగతి విని ఎడ్నా ఏడ్చింది. థెల్మాకి విడిగా రాసింది.

పార్సెలు అందింది. ఆవిడకి థాంక్స్ చెప్పు. ఇంకా పెట్టుకుని చూడలేదు.

దొరకకపోవడం అందరికీ ఉండేదే. ఓపిక లేనివాళ్ళు ఈ పనికి పనికిరారు. చేతకాదనిపిస్తే కుట్టుపనో తోటపనో చేసుకోవచ్చు, తప్పేముంది?

నీ నడుం జాగ్రత్త.

విల్ఫ్


డాలింగ్‌ఫీల్డ్
1994 ఆగస్టు 24, బుధవారం

ప్రియమైన విల్ఫ్,

థెల్మా పెళ్ళి ఉంగరం పోయింది.

పోయిన వారం పొడుగు చేనులో గడ్డి మోపులు కడుతున్నవాళ్ళకి టీ ఇవ్వడానికి వెళ్ళింది. చిక్కిపోయింది కదా, వేలికి వదులైపోయింది. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే వేలు బోసిగా కనిపించింది. నలభై ఒక్కేళ్ళ ఉంగరం, సన్నని బంగారు తీగ లాంటిది.

ఉంగరం పోతే పోయింది అనుకునే విషయం కాదిది. గోర్డన్‌కి మాట లేదుగా. థెల్మా వెళ్ళగానే మంచి చెయ్యి చాపి ఆవిడ వేలు పట్టుకుని, బొటనవేలితో ఉంగరాన్ని గుండ్రంగా తిప్పుతూ కూర్చుంటాడు. అదే అతని మాట. ఆ మర్నాడు వేలు తడిమి చూశాడు. ఉంగరం లేదు. ఇంకో చేయి తడిమాడు. తర్వాత ఆవిడ మొహంలోకి చూసి, తల గోడవైపు తిప్పేసుకున్నాడు. అప్పట్నుంచి ముద్ద మింగడం లేదు. "పోగొట్టుకున్నానని నూరుసార్లు చెప్పాను సిరిల్, అర్థమవుతోందో లేదో. నేనే తీసేశాననుకుంటున్నాడేమో!" అంది నా వంటింట్లో నిలబడి.

ఈనిడ్ ఆరు రోజులుగా పొద్దున్నే వెళ్ళి చీకటిపడేదాకా వెతుకుతోంది. థెల్మా నడిచిన దారి మూడుసార్లు నడిచింది. ఏమీ లేదు. నేను కుర్చీలోంచి లేవలేను. వచ్చే మంగళవారం ముప్పైన కాంట్రాక్టరు నాగలితో దిగుతాడు. అడుగు లోతుకి తిరగబడితే ఇక ఏ డిటెక్టరుకీ అందదు.

నువ్వుంటే దొరికేదని థెల్మా అంది. ఈనిడ్ పక్కనే ఉంది. తల దించుకుంది.

నీ
సిరిల్


బోర్త్
1994 ఆగస్టు 27, శనివారం

సిరిల్,

ఏరివేత నాబ్ సున్నాకి తిప్పమను. వెంటనే.

నీ ఉత్తరం గురువారమే అందింది. ఎడ్నా చేత ఫోను చేయిస్తే నిమిషంలో పనయ్యేది. కానీ ఎందుకు తిప్పాలని ఎడ్నా అడుగుతుంది. అందుకని చేయించలేదు. రెండు రోజులు జేబులో ఉత్తరంతో ఇసుక మీద తిరిగాను.

ఏడు మీద పెడితే మేకులతోపాటు పలుచని వెండీ, సన్నని బంగారం కూడా వినపడవు. సిగరెట్ పెట్టెలో ఉండే వెండికాగితమూ పెళ్ళి ఉంగరమూ డిటెక్టరుకి ఒకే గొంతుతో పలుకుతాయి. ఒకదాని నోరు మూయిస్తే రెండోదీ మూసుకుంటుంది. ఇది నాకు మొదటి ఏడాదే తెలుసు. నా నాబ్ ఎప్పుడూ రెండు దాటలేదు. తెలిసే ఏడు అని రాశాను.

ఎందుకో చెబుతాను, నవ్వకు. ఆవిడకి పెన్నీ దొరికినందుకు కాదు. అదీ ఉందిలే. కంచె సంగతి పదిహేనేళ్ళు నాకు తట్టకపోవడం, ఆవిడకి ఒక్క పూటలో తట్టడం, అదీ ఉంది. కంచె గురించి నాకు ముందే తెలుసని రాసింది అబద్ధం. నా డిటెక్టరు దానంతట అదే కుదుటపడిందన్నదీ అబద్ధం. ఆవిడ చెప్పినట్టు నీటి అంచు వెంబడి నడిచాను, తీగ బిగించాను, అరుపు ఆగిపోయింది. ఆ హెడ్‌ఫోన్లు రోజూ పెట్టుకుంటున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత సన్న చప్పుళ్ళు వినపడుతున్నాయి. వాటిని పెట్టుకున్న ప్రతిసారీ ఆవిడ మీద ఇంకాస్త కోపం వచ్చేది.

అసలు సంగతి ఆ గేటు. మీరిద్దరూ గేటు మీద కూర్చుని పెన్నీ చూస్తూ ఉండిపోయారని రాశావు. ఇక్కడ నేను బీరు డబ్బాల చెవులు ఏరుకుంటున్నాను, నా పక్కన చూడ్డానికి ఎవరూ లేరు. నా చోటు నువ్వు రెండు నెలల్లో నింపేశావనిపించింది. కడుపు మండిపోయింది.

సోమవారం దేశమంతా సెలవు, ఉత్తరాలు బట్వాడా చెయ్యరు. ఈ ఉత్తరం నీకు మంగళవారానికి గానీ చేరదని నాకు తెలుసు. తెలిసి కూడా ఫోను దగ్గరికి వెళ్ళలేకపోతున్నాను. ఇంతకంటే హీనంగా ఎవరుంటారో నాకు తెలియదు.

విల్ఫ్


డాలింగ్‌ఫీల్డ్
1994 ఆగస్టు 31

విల్ఫ్,

నీ ఉత్తరం మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చింది. అప్పటికి ట్రాక్టరు పొడుగు చేనులో నాలుగు సాళ్ళు తిప్పేసింది.

ఉంగరం మాత్రం ఆదివారమే దొరికింది.

ఈనిడ్ నీ ఉత్తరం కోసం ఆగలేదు. శనివారం రాత్రి నిద్రపట్టక వాళ్ళమ్మ ఉంగరం పెరట్లో మూడంగుళాల లోతున పాతిపెట్టిందట. ఆదివారం తెల్లారగానే దాని మీద డిటెక్టరు ఊపింది. చప్పుడు లేదు. నాబ్ తగ్గిస్తూ వచ్చింది. ఆరు, అయిదు, నాలుగు. చప్పుడు లేదు. మూడు మీదికి రాగానే పలికింది. నాబ్ సున్నాకి తిప్పి తిన్నగా చేనుకి వెళ్ళింది. ప్రతి మేకూ, ప్రతి రేకు ముక్కా అరుస్తుంటే అన్నీ తవ్వింది. మధ్యాహ్నం మూడింటికి, తను మూడుసార్లు నడిచిన దారిలోనే, గడ్డి దుబ్బు మొదట్లో దొరికింది. థెల్మా చెప్పులైనా మార్చుకోకుండా ఇంటి చెప్పులతోనే బస్సెక్కింది. గోర్డన్ వేలు తడిమాడట. బొటనవేలితో తిప్పుతూ, తిప్పుతూ, అలాగే నిద్రపోయాడట. ఆ రాత్రి సూపు తాగాడు.

ఆదివారం సాయంత్రం ఈనిడ్ నా దగ్గరికి వచ్చింది. "సిరిల్, ఏడు అని విల్ఫ్ నిజంగానే రాశాడా, నువ్వు తప్పు చదివావా?" అని అడిగింది.

"నేనే తప్పు చదివానేమో" అన్నాను.

నన్నొకసారి చూసి వెళ్ళిపోయింది.

నిన్ను కాపాడాలని అలా అన్నాననుకోకు. నన్ను నేను కాపాడుకున్నాను. పదిహేనేళ్ళు నీ పక్కన నడిచినవాణ్ణి. నీ నాబ్ రెండు మీదుంటుందని నాకు తెలియదా? నీ ఉత్తరంలో ఏడు చూడగానే నీ కుళ్ళు అర్థమైంది. మరి ఎందుకు ఆవిడకి చదివి వినిపించాను? మనిద్దరిలో నేనెప్పుడూ రెండోవాణ్ణి విల్ఫ్. నువ్వు వెళ్ళాక మొదటిసారి నాకంటే తక్కువ తెలిసినవాళ్ళు ఒకరు నా పక్కన నడిచారు. అది మూడు వారాలే. ఆ కంచె దగ్గర ఆవిడ గడియారం చూసిన క్షణం నుంచి నేను మళ్ళీ రెండోవాణ్ణే. నీ ఉత్తరం నాకు పనికొచ్చింది. నింద నీది, లాభం నాది. ఆవిడ గడ్డిలో కూలబడి చేతకాదని ఏడ్చినప్పుడు పక్కనే కుర్చీలో కూర్చుని, "పోనీలే ఈనిడ్, అందరికీ జరిగేదే" అన్నాను. నువ్వు దూరంగా ఉండి చేశావు. నేను మొహం చూస్తూ చేశాను.

నిన్న నీ ఉత్తరం తీసుకుని నడుం పట్టుకుంటూ ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో నిలబెట్టే చదివింది. నేనూ నా సంగతి చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీరిద్దరూ ఆ చేను పదిహేనేళ్ళు నడిచారు. నేను నడిచింది నెల. దానికే అంత భయపడ్డారా?" అంది. తర్వాత, "చెవులు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను సిరిల్" అంది. తలుపు వేసుకుంది.

థెల్మాకి అంతా తెలిసిపోయింది. పొడుగు చేనుకీ గొర్రెల బీడుకీ అనుమతి ఇకమీదట ఈనిడ్‌ది. నేను అడుగు పెట్టాలన్నా ఆవిడనే అడగాలి. అడిగే మొహం నాకు లేదు. నువ్వైనా ఆవిడకి రాయి. నాకు కాదు, ఆవిడకి.

సిరిల్


బోర్త్
1994 సెప్టెంబరు 28

ప్రియమైన సిరిల్,

రాశాను. నాలుగుసార్లు రాసి చింపేశాను. అయిదోసారి ఎడ్నాని కూర్చోబెట్టి అంతా చెప్పి, ఆవిడ ముందే రాశాను. ఎడ్నా మొత్తం విని, "థెల్మా ఉంగరం పోయిందని నేను ఏడుస్తుంటే నాకు రుమాలు అందించావు. అప్పటికి నీ నాబ్ సంగతి నీకు తెలుసు" అంది. ఆ రోజు నుంచి నాతో మాటలు మానేసింది. చేపల వేపుడు మాత్రం చేసి బల్ల మీద పెట్టేది, ఒక్కడికే.

పది రోజులకి ఈనిడ్ జవాబు వచ్చింది. అయిదే లైన్లు. "మిస్టర్ గారడ్, మీరు బాధపడుతున్నారని అర్థమైంది. క్షమించమని అడగొద్దు, ఇప్పుడు నా వల్ల కాదు. ఒక్కటి తెలుసుకోవాలనుంది. ఏడు అని రాసిన ఆ ఉత్తరం పోస్టులో వేసి ఇంటికెళ్ళాక మీకెలా ఉంది? నిజం రాయండి."

రెండు రోజులు ఆలోచించాను. తప్పు చేశాననిపించింది, నిద్రపట్టలేదు అని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ సిరిల్, నాకు ఆ రోజు చాలా బాగుంది. వచ్చేటప్పుడు ఈల వేసుకుంటూ వచ్చాను. రెండు ప్లేట్లు తిన్నాను. మూడు రోజులు హాయిగా ఉంది. నాలుగో రోజు ఆ హాయి దానంతట అదే పోయింది, ఆవిడ మీద జాలితో కాదు. నువ్వూ ఆవిడా ఇంకా ఆ చేనులోనే ఉన్నారు, నేను ఇక్కడే ఉన్నానని గుర్తొచ్చి పోయింది. అదే రాసి పంపాను. ఇక జవాబు రాదనుకున్నాను.

నిన్న వచ్చింది. "నమ్ముతున్నాను. మా ఫ్యాక్టరీలో నా బల్ల పక్కనమ్మాయికి నా కంటే ముందు ఫోర్‌మన్ పని ఇచ్చారు. ఆవిడ అతికిన రేడియోలో ఒక తీగ నేను వదులు చేశాను, పరీక్షలో తప్పుతుందని. తప్పింది. నాకూ బాగుంది. ఇది ఎవరికీ చెప్పలేదు" అని రాసింది. కింద ఇంకో మాట. గోర్డన్‌ని అక్టోబరు రెండో శనివారం ఇంటికి తెస్తున్నారట. ఆదివారం కుర్చీలో బీడు గేటు దగ్గర కూర్చోబెడతారట. అక్కడ ఎవరో ఒకరు డిటెక్టరు ఊపుకుంటూ నడవడం చూస్తే అతనికి తేలిగ్గా ఉంటుందని థెల్మా అందట. "ఒక్కదాన్ని నడిస్తే చూడ్డానికి ఏముంటుంది? మీరిద్దరూ కూడా రండి. గోర్డన్ కోసం" అంది. నీకు విడిగా రాస్తానంది. ఈపాటికి అందే ఉంటుంది.

వస్తున్నాను. ఎడ్నా నా బూట్లకి అంటిన ఇసుకంతా దులిపి గుమ్మంలో పెట్టింది. అంటే మళ్ళీ మాట్లాడుతోందని అర్థం.

ఇంకొకటి ఉంది. రాయకుండా ఉండొచ్చు, అక్కడికొచ్చాక నీకే తెలుస్తుంది. కానీ ఇక దాచదలుచుకోలేదు. శనివారం సాయంత్రం నా రైలు ఇప్స్‌విచ్ చేరేసరికి స్టేషనుకి తనే కారు తెస్తానని రాసింది ఈనిడ్. నిన్ను రమ్మనలేదు. అరగంట దారి, మేమిద్దరమే. ఏం మాట్లాడాలో తెలియక ఇప్పట్నుంచే నాకు చెమటలు పడుతున్నాయి. అయినా 'మేమిద్దరమే' అన్న మాట పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను. నువ్వు కుళ్ళుకుంటావని తెలుసు. కుళ్ళుకో.

నీ
విల్ఫ్